నా మోడల్లో సోమవారం లేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ చదువుల పేజీలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న, దానికి మీ నిపుణులు ఇచ్చిన జవాబు చదివాను. ఆ అమ్మాయి గణితంలో ఎమ్మెస్సీ చేసింది. ఒక పరిశోధన ఉద్యోగం నోటిఫికేషన్ ఆమె కంట పడింది. సగం పని కంప్యూటర్ మీద గణిత నమూనాలు (మోడళ్లు) కట్టడం, మిగతా సగం ప్రయోగశాలలో బ్లడ్ క్యాన్సర్ కణాలతో పని చేయడం. దరఖాస్తు చేయనా వద్దా అని అడిగింది. మీ నిపుణులు నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు, ఏదో ఒకటి ఎంచుకో, లేదంటే రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు అని.

అలాంటి ఉద్యోగమే నేను మూడేళ్లుగా చేస్తున్నాను. నేనూ గణితం నుంచి వచ్చినదాన్నే. నీళ్లలో పడ్డాను కూడా, అబద్ధం చెప్పను. అయినా ఆ జవాబు ఆ అమ్మాయికి అన్యాయం చేసిందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది. కత్తిరిస్తే కత్తిరించండి గానీ సోమవారం సంగతి మాత్రం ఉంచండి.

ముందు ఈ రెండు పనులూ ఒకే కుర్చీలోకి ఎందుకు వచ్చాయో చెప్పాలి. రక్తం లెక్కలకు లొంగే వ్యవహారం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ఎముక మజ్జ రోజుకు దాదాపు 20,000 కోట్ల ఎర్ర కణాలను తయారు చేస్తుంది. ఇంచుమించు అన్నే పాతవి రోజూ పోతుంటాయి. పుట్టడం, ఎదగడం, చావడం, ఈ మూడింటి వేగాలూ ఒకదానికొకటి సరిపోయినంత కాలం మనకు ఒంట్లో రక్తం ఉందన్న సంగతే గుర్తుండదు. ఆ వేగాల్లో ఒకటి అదుపు తప్పితే జబ్బు. పైగా గడ్డలు కట్టే క్యాన్సర్లలో వారం వారం ముక్క కోసి చూడలేం. రక్తమైతే ఈ నెల ఒక ట్యూబు, వచ్చే నెల ఇంకో ట్యూబు తీసుకోవచ్చు. అంటే ఒకే మనిషిలో కాలంతో పాటు అంకెలు ఎలా మారుతున్నాయో చేతికొస్తుంది. గణితం చదివినవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. మన పత్రికలు యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎంతో గర్వంగా తలుచుకుంటాయి. మంచిదే. కానీ ఆ కథ మందు దొరికిందన్న చోటే ఆగిపోతుంది. ఆయన బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేసిన అమినోప్టెరిన్ అనే మందును సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టరు లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. తాత్కాలికంగానే. ఆ పరిశోధన పత్రం పేరులోనే తాత్కాలికం అన్న మాట ఉంది. తగ్గినట్టే తగ్గిన జబ్బు మళ్లీ ఎందుకొచ్చింది?

దానికి ఒక పెద్ద సమాధానం లెక్కల్లోంచి వచ్చింది. హోవార్డ్ స్కిప్పర్ బృందం చిట్టెలుకల లుకేమియా మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1964లో ఒక సంగతి చెప్పింది. ఒక మోతాదు మందు ఇన్ని కణాలు అని లెక్కపెట్టి చంపదు, ఉన్నవాటిలో ఇంత వంతు చంపుతుంది. ఒంట్లో లక్ష కోట్ల లుకేమియా కణాలున్నాయి అనుకోండి. మందు ప్రతి వెయ్యిలో 999 కణాలను చంపింది. ఇంకా వంద కోట్లు మిగిలే ఉన్నాయి! మైక్రోస్కోపు కింద మాత్రం మజ్జ శుభ్రంగా కనిపిస్తుంది. ఒక్కటంటే ఒక్క కణం ఎక్కించినా ఎలుక ఆ జబ్బుతో చనిపోగలదని కూడా ఆ బృందం చూపించింది. పిల్లల లుకేమియాలో జబ్బు కనబడకుండా పోయాక కూడా రెండు మూడేళ్లు చికిత్స కొనసాగించడం వెనక ఈ లెక్క ఉంది. ఆ చికిత్సలో వాడే మందుల్లో అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఒకటి.

ఇంకో జంట గురించి కూడా చెప్పాలి. టొరంటోలో జేమ్స్ టిల్ భౌతిక శాస్త్రం చదివినవాడు, ఎర్నెస్ట్ మెకల్లక్ డాక్టరు. రేడియేషన్ ఇచ్చిన చిట్టెలుకలకు మజ్జ కణాలు ఎక్కిస్తే పది రోజుల్లో వాటి ప్లీహం మీద బుడిపెలు లేచాయి. ఎక్కించిన కణాలు పెరిగిన కొద్దీ బుడిపెలూ అదే నిష్పత్తిలో పెరిగాయి. ఇది 1961లో. తర్వాత ఒక్కో బుడిపెను విడదీసి చూస్తే కొన్నిట్లో అలాంటి కొత్త బుడిపెలు కట్టగల కణాలు దాదాపు లేవు, కొన్నిట్లో బోలెడు. ఇంత తేడా ఏమిటి? ప్రతి మూలకణం (స్టెమ్ సెల్, మిగతా రక్త కణాలన్నీ దీన్నుంచే పుడతాయి) నాణెం ఎగరేసినట్టు, తనలాంటివే రెండు కావాలా లేక ఎదిగి పనిలో చేరాలా అని తేల్చుకుంటుందనుకుని 1964లో కంప్యూటర్‌తో లెక్క నడిపించారు. ప్లీహంలో కనిపించిన చెల్లాచెదురు అందులోనూ అలాగే వచ్చింది. మూలకణాల శాస్త్రం అని ఇప్పుడు మనం చెప్పుకునేదానికి పునాది వేసినవాళ్లు ఈ రెండు పడవలవాళ్లే.

ఇక నా పని. నేను పని చేసేది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా మీద, పొట్టిగా సీఎంఎల్. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుట్టి, ఈ జబ్బు తెస్తుంది. ఆ జన్యువు చేయించే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. బ్లడ్ క్యాన్సర్ చరిత్రలో అదొక మలుపు. ఈ మాత్ర వాడేవాళ్ల రక్తంలో ఆ జన్యువు జాడ ఎంత ఉందో నెలల తరబడి కొలిచి, లాగరిథం స్కేలు (పదింతల తేడాకు ఒక మెట్టు) మీద గీస్తే, ఒక చోట వంగిన గీత వస్తుంది. మొదట గబగబా దిగుతుంది, ఆ తర్వాత నింపాదిగా. 2005లో ఫ్రాంజిస్కా మిచోర్ బృందం ఈ రెండు వాలులనూ లెక్కగట్టింది. మొదటి దశలో రోజుకు సుమారు 5 శాతం తగ్గుదల, రెండో దశలో రోజుకు 1 శాతం కన్నా తక్కువ. వాళ్ల మోడల్ ప్రకారం మందు ఎదిగిన కణాలను తుడిచేస్తోంది గానీ, వేరు దగ్గరున్న లుకేమియా మూలకణాల జోలికి పోవడం లేదు.

మరుసటి ఏడు జర్మనీ నుంచి ఇంగో రోడర్ బృందం ఇంకో మోడల్ తెచ్చింది. అందులో మందు మూలకణాలనూ దెబ్బతీస్తుంది, కాకపోతే అవి విభజనలో ఉన్నప్పుడే. నిద్రపోతున్నవి అప్పటికి తప్పించుకుంటాయి. ఈ మోడల్ కూడా ఆ వంగిన గీతకు చక్కగా సరిపోయింది.

ఒకే గీత, రెండు కథలు. నా ఉద్యోగం ఉన్నది సరిగ్గా ఈ ఇరుకులోనే. మొదటి కథ నిజమైతే మాత్ర ఆపిన ప్రతి ఒక్కరికీ జబ్బు తిరిగి రావాలి. రెండోది నిజమైతే చాలా కాలం వాడిన కొందరికి రాకపోవచ్చు. ఫ్రాన్స్‌లో కనీసం రెండేళ్లుగా పరీక్షల్లో జాడ దొరకని 100 మందికి డాక్టర్ల నిఘాలో మాత్ర ఆపి చూశారు. ఫలితాలు 2010లో వచ్చాయి. ఏడాది గడిచాక సుమారు 40 శాతం మందిలో జబ్బు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లలో దాదాపు అందరికీ మొదటి ఆరేడు నెలల్లోనే వచ్చింది, మాత్ర మళ్లీ మొదలుపెడితే లొంగింది. (ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర ఆపకండి. ఆ 100 మందికి నెల నెలా పరీక్షలు జరిగాయి.) పోనీ దీంతో ఏదో ఒక మోడల్ గెలిచిందా అంటే అదీ లేదు. రోగనిరోధక వ్యవస్థ అనే మూడో పాత్ర ఆ రెండు కథల్లోనూ లేదు మరి. గీతను ఎంతసేపు చూసినా కథ ఏదో తేలదు. మజ్జలోంచి ఆ నిద్రపోతున్న కణాలను వేరు చేసి, మందులో పెట్టి, ఎన్ని బతికాయో కూర్చుని లెక్కపెట్టాలి.

ఆ కూర్చుని లెక్కపెట్టడం ఎవరు చేయాలన్నదే అసలు ప్రశ్న. మీ నిపుణుల లెక్కన ప్రయోగాలు ప్రయోగాలవాళ్లు చేస్తారు, అంకెలు లెక్కలవాళ్లకు పంపిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు సోమవారం సంగతి చెప్తాను.

చేరిన కొత్తలో నాకు ఇచ్చిన పని చాలా చిన్నది. మందుకు లొంగే కణాలు, లొంగని కణాలు ఒకే ఫ్లాస్కులో కలిపి, మందు లేకుండా పెంచాలి. ఏవి ఎంత వేగంగా పెరుగుతున్నాయో కొలవాలి. కే562 అనే పేరున్న కణాలు అవి. 1970ల్లో ఒక సీఎంఎల్ రోగి నుంచి తీసినవాటి సంతానం, ఇప్పటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. రోజుకు ఇంచుమించు ఒకసారి రెట్టింపు అవుతాయి. నేను సోమ, బుధ, శుక్రవారాల్లో లెక్కపెట్టి, కొత్త మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) పోసి, అంకెలు కంప్యూటర్‌కి ఎక్కించేదాన్ని.

నా మోడల్ గీత నున్నగా పైకి పోవాలి. కొలతలు మాత్రం మెట్లు మెట్లుగా వచ్చాయి. మధ్య మధ్యలో పెరుగుదల కుంటుపడుతోంది. వారం రోజులు కోడ్‌లో తప్పు వెతికాను, దొరకలేదు. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఒక రకం కణాలు ఏదో పదార్థం వదిలి రెండో రకాన్ని నెమ్మదింపజేస్తున్నాయేమో! సమీకరణంలో దానికో పదం చేర్చాను. గీత వచ్చి కొలతల మీద పట్టు చీరలా కూర్చుంది. గ్రూప్ మీటింగ్‌లో చూపించాను. అందరూ బాగుందన్నారు. ఆ పదార్థం ఏమై ఉంటుందో చర్చ కూడా జరిగింది.

ఆ గ్రాఫు ప్రింటు తీసి కల్చర్ గది గోడకు అంటించాను. మా దగ్గర ఇరవై ఏళ్లుగా కణాలు పెంచుతున్న టెక్నీషియన్ మేడం ఒకరున్నారు. చేతులకు గ్లవ్స్ వేసుకుంటూ దాని వంక చూసి, "ఈ గుంటలన్నీ సోమవారాలేనా అమ్మా?" అని అడిగారు.

సోమవారాలే. శుక్రవారం సాయంత్రం మిల్లీలీటరుకు 2 లక్షల చొప్పున వదిలి నేను ఇంటికి పోతున్నాను. రోజుకో రెట్టింపు చొప్పున సోమవారానికి 16 లక్షలు కావాలి. 10 లక్షలు దాటితే వాటికి ఇరుకు, పోషకాలు తక్కువ, పెరుగుదల మందగిస్తుంది. మీడియంలో ఫినాల్ రెడ్ అనే రంగు కలిపి ఉంటుంది. ఆమ్లం పెరిగితే ఎరుపు నుంచి పసుపుకు తిరుగుతుంది. ప్రతి సోమవారం నా ఫ్లాస్కులు పసుపు పచ్చగా నా మొహంలోకే చూస్తున్నాయి. నేనే చూడలేదు. నా కళ్లకు అవి 72వ గంట, 240వ గంట. నా మోడల్లో గంటలున్నాయి, సోమవారం లేదు. లేని సోమవారానికి నేనొక సమీకరణం రాశాను. శని, ఆదివారాల్లో కూడా వెళ్లి మీడియం మార్చేసరికి గుంటలు పూడిపోయాయి. నేను కనిపెట్టిన పదార్థం విలువ సున్నాకు వచ్చి కూర్చుంది. రెండు నెలల పని! సిగ్గుతో ఆ వారం మీటింగ్‌లో తలెత్తలేదు.

ఆ అంకెలు నాకు వేరే ఊరి ల్యాబ్ నుంచి ఎక్సెల్ షీట్‌లో వచ్చి ఉంటే ఏమయ్యేది? షీట్‌లో పసుపు రంగు ఉండదు. ఆ పదార్థం ఒక పరిశోధన పత్రం అయ్యేది, దాన్ని వెతుకుతూ ఇంకెవరో రెండేళ్లు పోగొట్టుకునేవాళ్లు. ఇటు మా మేడంకు వారాంతం గోల ఇరవై ఏళ్లుగా తెలుసు. అది నా సమీకరణంలో కొత్త జీవశాస్త్రం వేషం వేసుకుని కూర్చుందన్న సంగతి ఆవిడకు తెలిసే దారి లేదు. గోడ మీద గ్రాఫు అంటించకపోతే ఇద్దరికీ తెలిసేది కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే లెక్కలవాళ్లు ల్యాబ్‌కు వెళ్లి చీవాట్లు తినడమే పని అనుకుంటారు. చచ్చిన కణాలు నీలం రంగు పీల్చుకుంటాయి, బతికినవి పీల్చుకోవు. గళ్ల గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద బతికినవాటిని లెక్కపెడతాం. మావాళ్లు ఒకదాంట్లో 40, ఇంకోదాంట్లో 48 వస్తే మందు ప్రభావం అని నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లు. ఇలాంటి లెక్కింపులో వచ్చిన సంఖ్యకు వర్గమూలం ఎంతో, ఇంచుమించు అంత ఊగులాట సహజం. 40కి ఆరు పైచిలుకు, 48కి దాదాపు ఏడు. ఎనిమిది తేడాకు అర్థమే లేదు. ఇప్పుడు మా బెంచి దగ్గర "200 దాటేవరకు ఆపొద్దు" అని చీటీ ఉంది. అది అంటించినప్పుడు నన్ను తిట్టుకున్నారు, ఇప్పుడు కొత్తవాళ్లకు వాళ్లే చూపిస్తున్నారు.

ఇలాంటిదే ఇంకోటి. మందు వేశాక 24, 48, 72 గంటలకు కొలవడం అందరికీ అలవాటు. ఎందుకూ అంటే పగలు ల్యాబ్‌లో ఉంటాం కాబట్టి. మేం పరీక్షిస్తున్న రెండు ఊహలనూ మోడల్లో నడిపిస్తే 72వ గంటకు రెండూ ఒకే అంకె చెప్తున్నాయి. తేడా అంతా ఆరో గంటకూ పద్దెనిమిదో గంటకూ మధ్యే ఉంది. మోడల్ లేకపోతే ఆ రాత్రి కొలతలు ఎవరూ తీసేవాళ్లు కాదు. తీసింది కూడా నేనే, తెల్లవారుజామున రెండింటికి. అప్పటి నుంచి మోడల్‌తో కొలతలు అడిగేటప్పుడు కాస్త పొదుపుగా అడుగుతున్నాను.

మీ నిపుణుల మాటలో నిజం అసలు లేదనను. ఇక్కడికి రాకముందు ఇంకోచోట సరిగ్గా ఇదే పేరున్న ఉద్యోగంలో చేరాను. నోటిఫికేషన్‌లో ల్యాబ్ అన్నారు. ఏడాదిన్నరలో నా చేతికి పిపెట్ ఒక్కసారీ ఇవ్వలేదు. డేటా వస్తుంది, వస్తుంది అన్నారు. వచ్చిన కాస్తా ఎలా కొలిచారో చెప్పేవాళ్లు లేరు. చివరికి మోడల్ పనికిరాలేదని రిపోర్టులో రాశారు. అక్కడ ల్యాబ్ అన్నది నిధుల దరఖాస్తు కోసం రాసిన మాట. దీనికి తలకిందులు కూడా చూశాను. మోడలింగ్ అని చేర్చుకుని, పగలంతా ఫ్లాస్కుల పని చేయించి, కోడింగ్ రాత్రుళ్లు చేసుకో అంటారు. ఒక జీతానికి రెండు ఉద్యోగాలు. ఆ అమ్మాయి భయపడాల్సింది వీటికి, రెండు విద్యలకు కాదు.

అందుకే ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేవాటికి జవాబులు తయారు చేసుకోవడంతో పాటు, తనూ అడగాలి. నాకు గైడ్ ఒకరా ఇద్దరా, ఇద్దరైతే వాళ్లిద్దరూ నెలకు ఎన్నిసార్లు కలుసుకుంటారు? (ఈ ప్రశ్నకు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, బ్యాగు సర్దుకుని వచ్చేయొచ్చు.) బెంచి పని నేర్పేది ఎవరు, పేరు చెప్పగలరా? కల్చర్ హుడ్ (కణాలతో పని చేసే, శుభ్రమైన గాలి వచ్చే పెట్టె) దగ్గర నాకంటూ వేళలు ఉంటాయా? మొదటి ఆరు నెలల్లో కణాలు పాడు చేస్తే ఏమంటారు? చేస్తుంది, అందరం చేశాం. నా మొదటి ఫ్లాస్కులకు మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి పట్టి, మొత్తం పారేయాల్సి వచ్చింది. రోగుల నమూనాల సంగతి చర్చించే డాక్టర్ల మీటింగుకు నన్ను రానిస్తారా? ఇది తప్పకుండా అడగాలి. ఏ నమూనా మందు మొదలుపెట్టక ముందు తీసింది, ఏది తర్వాత తీసింది అన్నది అక్కడే తెలుస్తుంది, ఏ ఫైల్లోనూ సరిగ్గా ఉండదు.

పరిశోధన పత్రాల విషయంలో ఇబ్బంది ఉంది, దాచను. జీవశాస్త్రం పత్రికలకు పంపితే సమీకరణాలు అనుబంధంలోకి నెట్టమంటారు. గణితం పత్రికలకు పంపితే ఇందులో గణితం కొత్తగా ఏముంది అంటారు. రెండు చోట్లా ఒక్కో ఏడాది ఆలస్యమైంది నాకు. ఆ టెన్షన్ భరించగలిగితేనే రావాలి.

ఆ అమ్మాయి ఉత్తరంలో చివర ఇంకో చిన్న ప్రశ్న ఉంది, మీ నిపుణులు దాన్ని వదిలేశారు. పైథాన్ ప్రోగ్రామింగ్ బాగా వచ్చు గానీ రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, పర్వాలేదా అని. అమ్మా, మొదటి కొన్ని నెలలు నీ ఫ్లాస్కుల్లో కనిపించే ఎరుపు రక్తం కాదు, ఆ ఫినాల్ రెడ్ రంగే. నిజమైన మజ్జ నమూనా మొదటిసారి నా చేతికొచ్చిన రోజు నేను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. టెక్నీషియన్ మేడం ఆ ట్యూబు నా చేతిలోంచి తీసుకుని మంచులో పెట్టి, స్టూలు జరిపి, "లేచాక లెక్కపెడుదువుగాని, ఇంకా నాలుగు గంటలు టైముంది" అన్నారు. నాలుగో సారికి కళ్లు తిరగలేదు. దరఖాస్తు చెయ్యి.

ఇట్లు,
పేరు వేయవద్దని కోరుతున్న ఒక పరిశోధకురాలు